క్యాన్సిల్ బటన్ దగ్గర మొదలుపెట్టవే చిన్నీ

చిన్నీ,

రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున క్యాబ్‌లో విన్నాను. సిల్క్ బోర్డు సిగ్నల్ దాటినా అది అయిపోలేదు, అంత పొడుగుంది. బెంగళూరు హెచ్ఎస్ఆర్‌లో ఆ యాప్ కంపెనీలో డిజైనర్‌గా చేరి మూడు వారాలు కూడా కాలేదు, మీ ప్రోడక్ట్ మేనేజర్ వచ్చి సబ్‌స్క్రిప్షన్ వాడేవాళ్ళ అనుభవం ఎలా ఉందో కొలిచి మూడు నెలల్లో బాగుచెయ్యమన్నాడు, నువ్వు పాతిక నంబర్లతో డ్యాష్‌బోర్డు చేసి మీటింగ్‌లో చూపించావు, ఎవరూ కిక్కురుమనలేదు, అప్పట్నుంచి నీకు టెన్షన్. ఇదేగా సంగతి? వాళ్ళకి అది నచ్చకపోలేదు. ఆ పాతికలో ఏది పడిపోయినా రేపు ఏ స్క్రీన్ మార్చాలో వాళ్ళకి తెలియలేదు, అంతే.

ఒక పని చెయ్. ప్రతి నంబరు పక్కనా "ఇది తగ్గితే నేనేం చేస్తాను" అని ఒక్క వాక్యం రాయి. రాయలేకపోతే ఆ నంబరు తీసెయ్. నాలుగో ఐదో మిగుల్తాయి, చాలు. గూగుల్‌లో కెర్రీ రాడెన్ వాళ్ళు 2010లో చెప్పిన హార్ట్ పద్ధతి నీకు కోర్సులో వచ్చే ఉంటుంది: సంతోషం, వాడకం, కొత్తగా చేరడం, నిలిచి ఉండడం, పని పూర్తవడం. ఐదు గళ్ళూ నింపి తీరాలని వాళ్ళే అనలేదు. ముందు లక్ష్యం, తర్వాత అది నెరవేరుతోందనడానికి ఒక గుర్తు, ఆ తర్వాతే అంకె అన్నారు. మన టీముల్లో అంకె ముందు దొరుకుతుంది, దానికి తగ్గ లక్ష్యం తర్వాత వెతుక్కుంటాం.

చర్న్, అదే మానేసేవాళ్ళ లెక్క, ఆ సంగతికొద్దాం. నెలకి నూటికి 5 మంది మానేస్తున్నారంటే పెద్ద విషయంలా అనిపించదు. పన్నెండు నెలలు అలాగే సాగనీ, నూరుమందిలో 54 మందే మిగుల్తారు. పైగా ఆ 5 అనేది సగటు, అందులో డిస్కౌంట్‌లో చేరి రెండో నెలకే పోయేవాళ్ళూ, మూడేళ్ళుగా ఉండి ఇప్పుడు విసిగిపోయినవాళ్ళూ కలిసిపోయి ఉంటారు. చేరిన నెలని బట్టి విడదీసి చూడు. అంతకంటే ముందు, కావాలని వెళ్ళినవాళ్ళని డబ్బు కట్టడం ఆగిపోయి జారిపోయినవాళ్ళ నుంచి వేరు చెయ్. కార్డు గడువు తీరినవాడికి నువ్వెంత అందమైన హోమ్ స్క్రీన్ చేసిపెట్టినా ఉపయోగం లేదు, వాడికి కావలసింది సమయానికి ఒక మెసేజ్.

మెసేజ్ అంటే గుర్తొచ్చింది. మన దేశంలో ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయ్యేదానికి రిజర్వ్ బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చింది: కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు కస్టమరుకి కబురు వెళ్ళాలి, అందులో ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది ఉండాలి. నేను ఇంతకు ముందు పనిచేసిన చోట యాప్‌కి ఒక పేరు, రిజిస్టరైన కంపెనీకి ఇంకో పేరు. వచ్చే మెసేజ్‌లో ఆ రెండో పేరుండేది. జనానికి ఆ పేరేంటో తెలియదు, ఎవడో డబ్బు కొట్టేస్తున్నాడని భయపడి మ్యాండేట్, అంటే డబ్బు దానంతటదే కట్ అవ్వడానికి ఇచ్చిన అనుమతి, రద్దు చేసేవారు. మేమేమో ఆన్‌బోర్డింగ్‌లో, అంటే కొత్తగా చేరేవాళ్ళకి చూపించే స్క్రీన్లలో, బొమ్మల రంగులు మారుస్తూ రెండు నెలలు గడిపాం! చివరికి పేమెంట్స్ టీమ్‌తో కూర్చుని పేరు సరిచేయించి, ఒకరోజు ముందుగా మా యాప్ పేరుతో మేమే ఒక మెసేజ్ పంపడం మొదలుపెట్టాం. డిజైనర్ పని ఫిగ్మాలో స్క్రీన్లు గీయడం దగ్గర ఆగిపోదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ బ్యాంకు మెసేజ్ కూడా నీ స్క్రీనేననుకో.

ఇంకో తప్పు చెప్తాను, నవ్వకు. 2022లో, అక్కడే, క్యాన్సిల్ బటన్‌ని నాలుగు స్క్రీన్ల వెనక్కి తోశాం. "నిజంగా వెళ్ళిపోతారా, ఇవన్నీ పోగొట్టుకుంటారు" అని ఏడుపుగొట్టు బొమ్మ ఒకటి. గీసింది నేనే. మొదటి నెల చర్న్ తగ్గింది, టీమంతా మైసూరుపాకు తిన్నాం. రెండో నెల సపోర్ట్‌వాళ్ళు మా బల్ల దగ్గరికొచ్చి తిట్టిపోశారు. జనం మా యాప్‌లో బటన్ కోసం వెతకడం మానేసి నేరుగా వాళ్ళ యూపీఐ యాప్‌లోకెళ్ళి ఆటోపే ఆపేస్తున్నారు. అది 2020 జులైలోనే వచ్చింది, అందులో మ్యాండేట్ రద్దు చేసుకోవడం యూజర్ చేతిలోనే ఉంటుంది. మా డేటాలో మాత్రం అవన్నీ "పేమెంట్ ఫెయిల్" గా పడ్డాయి. అంటే కోపంతో వెళ్ళినవాళ్ళని పాపం డబ్బుల్లేనివాళ్ళుగా లెక్కేసి, మళ్ళీ కట్టమని మెసేజ్‌లు పంపుతున్నాం. ఎందుకు వెళ్తున్నారో చెప్పే ఒకే ఒక్క చోటుని మా చేతులతో మేమే మూసేసుకున్నాం. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే యూజర్‌ని మభ్యపెట్టే డిజైన్లను, నిషేధించింది. సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు వాటిలో ఒకటి, కాబట్టి ఇప్పుడు అలా చేస్తే సిగ్గుచేటు ఒక్కటే కాదు, నోటీసు కూడా రావచ్చు.

కాబట్టి నువ్వు మొట్టమొదట ఆ రద్దు దారిని కొలిచి చూడు. రద్దు చెయ్యాలనుకున్నవాడికి ఎన్ని నొక్కులు పడుతున్నాయి, ఎంతమంది మధ్యలో ఆగి సపోర్ట్‌కి రాస్తున్నారు, వెళ్ళినవాళ్ళలో మూడు నెలల్లో తిరిగొచ్చేవాళ్ళెందరు. నాకు ఈ చివరిదంటే మహా ఇష్టం, మర్యాదగా సాగనంపితేనే అది పెరుగుతుంది. బటన్ దగ్గర ఒకే ప్రశ్న పెట్టు, జవాబు చెప్పకపోయినా వెళ్ళనివ్వు. "ఒక నెల ఆపి ఉంచు" అనే దారి కూడా ఇచ్చి చూడు, పరీక్షలున్న పిల్లలు, ఊరెళ్ళేవాళ్ళు దాన్ని వాడతారు.

డబ్బు కడుతూ యాప్ తెరవనివాళ్ళు కూడా ఉంటారు. గుర్తుచేస్తే మానేస్తారని, వాళ్ళని కదపొద్దని పైవాళ్ళంటారు. వాళ్ళని విడిగా లెక్కపెట్టి ప్రతి మీటింగ్‌లో చూపించు, నేనైతే అదే చేస్తాను.

సర్వేల గురించి ఎక్కువ చెప్పను. ఎస్‌యూఎస్ అని, వాడడం ఎంత సులువుగా ఉందో నూటికి మార్కులేసే పది ప్రశ్నలది ఉంది, జాన్ బ్రూక్ 1986లో తయారుచేశాడు, ఇప్పటికీ పనికొస్తుంది. కానీ 70 వచ్చిందని ఫస్ట్ క్లాస్ అనుకోకు, దాని సగటే 68 దగ్గరుంటుంది. స్నేహితులకి మా గురించి చెప్తారా అని 0 నుంచి 10 వరకు అడిగేది పైవాళ్ళకి ఇష్టం, అడగనీ, నువ్వు మాత్రం పక్కనున్న కామెంట్లు చదువు.

సబ్‌స్క్రిప్షన్‌లో ఏ/బీ టెస్ట్‌కి, అంటే కొందరికి పాతది, కొందరికి కొత్తది చూపించి పోల్చడానికి, ఓపిక కావాలి. రెండు వారాల్లో ఎక్కువమంది చేరారని గెలిచేశామని మెయిల్ పెట్టకు, వాళ్ళు కనీసం రెండుసార్లు రెన్యూ చేసుకునేదాకా ఆగు. ఏడాది ప్లాన్ అయితే ఏడాది ఆగలేవు కదా, మొదటి వారంలో ఎన్ని రోజులు వాడారో లాంటి ముందస్తు గుర్తు ఒకటి పట్టుకో. అయితే పాత యూజర్ల డేటాలో అది నిజంగా నిలబడిందో లేదో చూసుకున్నాకే నమ్ము.

ఐదుగురి చేత వాడించి టెస్ట్ చేస్తే చాలని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసింది నిజమే, కానీ మీవాళ్ళు ఆ ఐదుగురినీ కోరమంగళ కెఫేల్లోనే ఏరుకొస్తారని నాకు తెలుసు. మా మారతహళ్లిలో పీజీ నడిపే నెల్లూరు ఆంటీ ఉంది. ఒకసారి ఆమెకి 149 రూపాయల ప్లాన్ ఒకటి ఇచ్చి చూశాను. యూపీఐ స్క్రీన్‌లో "1500 వరకు" అని మ్యాండేట్ పరిమితి, అంటే గరిష్ఠంగా ఎంత కట్ అవ్వొచ్చో ఆ అంకె, కనబడగానే ఫోన్ బల్ల మీద పెట్టేసి "మనకొద్దులేమ్మా" అంది. ఆ స్క్రీన్ మనది కాదని మా టీమ్‌లో ఎవరూ దాన్ని చూడనే లేదు. దానికి ముందు స్క్రీన్‌లో "నెలకి 149 మాత్రమే కట్ అవుతుంది, అక్కడ 1500 అని ఎందుకు కనిపిస్తుందంటే" అని రెండు లైన్లు రాయొచ్చు కదా?

ఆదివారం మధ్యాహ్నం ఇంటికి రా, పులిహోర చేస్తాను. తిన్నాక ఆంటీ దగ్గరికి వెళ్దాం. మీ యాప్‌ని నీ ఫోన్‌లో చూపించకు, ఆమె ఫోన్‌లోనే వేయిద్దాం, ముందు చేరమందాం, తర్వాత రద్దు చెయ్యమందాం. ఆమె ఎక్కడ తడబడ్డా నువ్వు "అక్కడ కాదు ఆంటీ, కింద" అని నోరు జారకు, చేతులు వెనక్కి కట్టుకుని కూర్చో.

పెద్దమ్మ