ప్రోగ్రాం నుంచి వెళ్లే మెయిల్‌లో మన పేరు కనిపించాలంటే

ప్రశ్న: మా ఎరువుల దుకాణానికి పైథాన్‌లో చిన్న బిల్లింగ్ ప్రోగ్రాం రాసుకున్నాను. బిల్లు పీడీఎఫ్ జీమెయిల్ ద్వారా ఖాతాదారులకు వెళుతోంది. కానీ వాళ్ల ఇన్‌బాక్స్‌లో దుకాణం పేరుకు బదులు మెయిల్ ఐడీలో @ ముందున్న ముక్క మాత్రమే కనిపిస్తోంది. సెండ్‌మెయిల్ ఫంక్షన్ మొదటి ఆర్గ్యుమెంట్‌లో పేరు కూడా ఇచ్చి చూశాను, మారలేదు. పేరు తెలుగులో పెట్టుకోవచ్చా? - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పెట్టుకోవచ్చు. అయితే మీరు పేరు ఇచ్చిన చోటు వేరు, ఇవ్వాల్సిన చోటు వేరు. మెయిల్‌లో పంపినవారి అడ్రస్ రెండు చోట్ల ఉంటుంది. పోస్టులో వేసే కవరు మీద ఒకటి, లోపలి ఉత్తరంలో ఒకటి అనుకోండి. సెండ్‌మెయిల్‌కు ఇచ్చే మొదటి ఆర్గ్యుమెంట్ కవరు మీదది. దాన్ని సర్వర్లే చూస్తాయి. మెయిల్ చేరకపోతే బౌన్స్ తిరిగి వచ్చేది ఆ అడ్రస్‌కే. అక్కడ పేరు కలిపి ఇచ్చినా పైథాన్ లైబ్రరీ దాన్ని తీసేసి అడ్రస్ ఒక్కటే సర్వర్‌కు పంపుతుంది, ఎర్రర్ కూడా చూపించదు. అందుకే మీకు తేడా తెలియలేదు. ఇన్‌బాక్స్‌లో కనిపించేది లోపలి ఉత్తరం మీద ఉండే ఫ్రమ్ హెడర్. అందులో పేరు లేకపోతే జీమెయిల్ @ ముందు భాగాన్నే పేరులా చూపిస్తుంది.

కాబట్టి పేరు ఫ్రమ్ హెడర్‌లో పెట్టాలి. పైథాన్ 3లో దీనికి శుభ్రమైన దారి ఉంది. ఈమెయిల్ ప్యాకేజీలోని మెసేజ్ మాడ్యూల్ నుంచి ఈమెయిల్‌మెసేజ్ క్లాస్‌ను, హెడర్‌రిజిస్ట్రీ మాడ్యూల్ నుంచి అడ్రస్ క్లాస్‌ను ఇంపోర్ట్ చేసుకోండి. అడ్రస్‌కు మూడు విలువలు వరుసగా ఇవ్వండి: మొదట పేరు, తర్వాత @ ముందు భాగం, ఆ తర్వాత @ వెనక ఉన్న డొమైన్. చాలామంది రెండో విలువగా మొత్తం మెయిల్ ఐడీ ఇచ్చేస్తారు. అప్పుడు లైబ్రరీ దాన్నంతా యూజర్ పేరు అనుకుంటుంది, డొమైన్ ఖాళీగా ఉండిపోయి అడ్రస్ చెడుతుంది. ఇలా తయారైన అడ్రస్‌ను మెసేజ్‌లోని ఫ్రమ్‌కు అప్పగించండి. టు, సబ్జెక్ట్, బాడీ, పీడీఎఫ్ అటాచ్‌మెంట్ కూడా చేర్చాక సెండ్‌మెయిల్ బదులు సెండ్_మెసేజ్ వాడండి. కవరు అడ్రస్‌ను అది ఫ్రమ్ హెడర్ నుంచే తీసుకుంటుంది, రెండోసారి రాసే పని ఉండదు.

మైమ్‌మల్టీపార్ట్ క్లాస్‌తో రాసిన పాత కోడ్‌ను ఇప్పుడు మార్చడం కష్టమైతే, ఈమెయిల్ యుటిల్స్‌లోని ఫార్మాట్‌యాడర్ ఫంక్షన్ ఉంది. ఇంగ్లిష్‌లో ఫార్మాట్ తర్వాత ఏ, డి, డి, ఆర్. అన్నీ చిన్న అక్షరాలే. పేరు, అడ్రస్ రెండింటినీ ఒక జతగా లోపలి బ్రాకెట్లలో పెట్టి ఇవ్వాలి. విడివిడిగా ఇస్తే, విడదీయడానికి విలువలు ఎక్కువయ్యాయని ఎర్రర్ వస్తుంది.

పాత క్లాస్‌లతో ఇంకో చిక్కు ఉంది, మీలా బిల్లులు పంపేవారికి ఇది చాలా ముఖ్యం. ఒకే మెసేజ్‌ను లూప్‌లో తిప్పుతూ ప్రతిసారీ టు మారుస్తున్నామని మనం అనుకుంటాం. కానీ మైమ్‌మల్టీపార్ట్‌లో హెడర్‌కు మళ్లీ విలువ ఇస్తే పాతది పోదు, పక్కన ఇంకొకటి చేరుతుంది. అలా ఒకరి బిల్లు ఇంకొకరికి వెళ్లే ప్రమాదం ఉంది. ఈమెయిల్‌మెసేజ్ అయితే రెండో టు గానీ, రెండో ఫ్రమ్ గానీ ఇవ్వగానే వ్యాల్యూఎర్రర్‌తో ఆపేస్తుంది. ఆ ఎర్రర్ వస్తే విసుక్కోవద్దు, అది మీ మంచికే. ఒక్కో ఖాతాదారుకు కొత్త మెసేజ్‌ను లూప్ లోపలే తయారుచేయండి.

ఇక తెలుగు సంగతి. మెయిల్ హెడర్లలో మొదటినుంచీ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులకే చోటు. ఇతర లిపులను వాటి రూపంలోకి మార్చి పంపే పద్ధతిని 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం స్థిరపరిచింది. ఆ రూపంలో ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటకూడదు. యూటీఎఫ్-8 (అన్ని లిపులనూ బైట్లుగా రాసే పద్ధతి) అని తెలిపే మొదటి, చివరి గుర్తులకే 12 పోతాయి. బైట్లను ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలుగా మార్చే బేస్64 నాలుగేసి క్యారెక్టర్ల లెక్కన నడుస్తుంది కాబట్టి, మిగిలిన 63లో దానికి పనికొచ్చేవి 60. యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ అక్షరం ఒక్కోటి 3 బైట్లు, బేస్64లో అది 4 క్యారెక్టర్లు అవుతుంది. అంటే ముక్కకు 15 అక్షరాలు. గుణింతం గుర్తు, పొల్లు, వత్తు ఇక్కడ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘శ్రీ’ మనకు ఒక్క అక్షరమే, కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి నాలుగు. ‘శ్రీ వెంకటేశ్వర’ దగ్గరే 15 నిండిపోతుంది. తర్వాత దుకాణం అన్న మాట వస్తే రెండో ముక్క మొదలవ్వాలి. దీన్ని చేత్తో చేయబోయి 3 బైట్ల అక్షరాన్ని మధ్యలో కోస్తే, అక్కడ ప్రశ్నార్థకం ఉన్న నల్ల వజ్రం గుర్తులు వస్తాయి. ఈ ముక్కలు చేసే పని లైబ్రరీకే వదిలేయండి.

పంపిన మెయిల్‌ను ముడి రూపంలో చూస్తే ఫ్రమ్ వరుసలో ఈక్వల్ గుర్తు, ప్రశ్నార్థకం, యూటీఎఫ్-8 అంటూ అర్థం కాని వరుస కనిపిస్తుంది. అది ఉండాల్సిందే. అదే వరుస ఇన్‌బాక్స్‌లో పేరు చోట కనిపిస్తేనే తప్పు జరిగినట్టు. పేరును మీరొకసారి, లైబ్రరీ ఒకసారి ఎన్‌కోడ్ చేసి ఉంటారు, లేదా ఎన్‌కోడ్ అయిన పేరు చుట్టూ డబుల్ కోట్స్ పెట్టి ఉంటారు. పేరులో కామా ఉంటే మాత్రం కోట్స్ కావాలి. ఇంగ్లిష్‌లో పేరు, కామా, ఊరు అని నేరుగా స్ట్రింగ్‌గా రాస్తే కామా దగ్గర అది రెండు అడ్రస్‌లుగా విడిపోతుంది. అడ్రస్ క్లాస్ వాడితే ఆ జాగ్రత్త అదే తీసుకుంటుంది.

జీమెయిల్‌కు మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. పోర్ట్ 465 అయితే ఎస్‌ఎంటీపీ_ఎస్‌ఎస్‌ఎల్, 587 అయితే మామూలు ఎస్‌ఎంటీపీతో కలిసి స్టార్ట్‌టీఎల్‌ఎస్ పిలవాలి. పేరు మీ ఇష్టం, అడ్రస్ మాత్రం లాగిన్ అయిన ఖాతాదే ఉండాలి. వేరే అడ్రస్ రాస్తే జీమెయిల్ దాన్ని మీ ఖాతా అడ్రస్‌గా మార్చేస్తుంది. నిజంగా వేరే అడ్రస్ నుంచి పంపాలంటే ముందు సెట్టింగ్స్‌లో ‘సెండ్ మెయిల్ యాజ్’ కింద చేర్చి, ధ్రువీకరించుకోవాలి.

పరీక్షించేటప్పుడు మీ ఖాతాకే పంపుకోకండి. జీమెయిల్ అక్కడ పేరు బదులు ‘మీ’ అని చూపిస్తుంది, ఇంగ్లిష్‌లో నేను అని అర్థం. మిమ్మల్ని వేరే పేరుతో కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకున్నవారికి ఆ పేరే కనిపిస్తుంది, దాన్ని మీ కోడ్ మార్చలేదు. మీ నంబరు, మెయిల్ సేవ్ చేసుకోని ఇంకెవరి ఖాతాకైనా పంపి, కంప్యూటర్ బ్రౌజర్‌లో మూడు చుక్కల మెనూలోని ‘షో ఒరిజినల్’ తెరిచి ఫ్రమ్ వరుస చూడండి.

ఇదే పని పీహెచ్‌పీమెయిలర్‌తో చేసేవారు సెట్‌ఫ్రమ్‌కు ముందు అడ్రస్, తర్వాత పేరు ఇవ్వాలి. పైథాన్‌కు తిరగబడిన వరుస. దాని క్యార్‌సెట్ (అక్షరాల ఎన్‌కోడింగ్ సెట్టింగ్) మొదట ఐఎస్‌ఓ-8859-1గా ఉంటుంది, యూటీఎఫ్-8కు మార్చకపోతే తెలుగు పేరు చెత్త అక్షరాలవుతుంది. జావాలో ఇంటర్నెట్‌అడ్రస్‌కు మూడో విలువగా యూటీఎఫ్-8 ఇవ్వండి. నోడ్‌మెయిలర్‌లో ఫ్రమ్‌కు నేమ్, అడ్రస్ ఉన్న ఆబ్జెక్ట్ ఇస్తే చాలు. జాంగోలో డీఫాల్ట్_ఫ్రమ్_ఈమెయిల్ సెట్టింగ్ మార్చకపోతే వెబ్‌మాస్టర్ ఎట్ లోకల్‌హోస్ట్ పేరుతో వెళుతుంది.

ప్రశ్న: మా వెబ్‌సైట్‌లోని సంప్రదింపుల ఫారం నింపినవారి పేరు, మెయిల్ ఐడీ ఫ్రమ్‌లో పెడుతున్నాను. మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయి. - ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వాళ్ల డొమైన్ తరఫున పంపే హక్కు మీ సర్వర్‌కు లేదు కాబట్టి, ఫ్రమ్‌లోని డొమైన్ నిజమైనదేనా అని చూసే డీమార్క్ పరీక్షలో ఆ మెయిల్ తప్పుతుంది. ఫ్రమ్‌లో మీ సొంత డొమైన్ అడ్రస్ ఉంచండి. పేరు చోట నింపినవారి పేరు, మీ సైట్ పేరు రెండూ రాయొచ్చు. వాళ్ల మెయిల్ ఐడీని రిప్లై-టు హెడర్‌లో పెడితే మీరు రిప్లై నొక్కినప్పుడు జవాబు సరిగ్గా వాళ్లకే వెళుతుంది. పేరు పెట్టెలోంచి వచ్చిన కొత్త లైన్ గుర్తులను తప్పకుండా తీసేయండి. లేదంటే ఎవరైనా అందులో బీసీసీ హెడర్ చొప్పించి మీ సర్వర్ నుంచే ఊరందరికీ స్పామ్ పంపగలరు.

ప్రశ్న: పిల్లల మార్కులు గూగుల్ షీట్ నుంచి తల్లిదండ్రులకు పంపాలి. నా పేరు కాకుండా పాఠశాల పేరు రావాలంటే? - ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: యాప్స్ స్క్రిప్ట్‌లో మెయిల్‌యాప్ సెండ్‌ఈమెయిల్‌కు చివర ఇచ్చే ఆప్షన్లలో నేమ్ అని రాసి పాఠశాల పేరు ఇవ్వండి. తెలుగు పేరు నేరుగా ఇచ్చేయొచ్చు. అడ్రస్ మీదే ఉంటుంది. జవాబులు కార్యాలయానికి వెళ్లాలంటే రిప్లైటు కూడా చేర్చండి. మామూలు జీమెయిల్ ఖాతాతో రోజుకు 100 మందికే వెళతాయి కాబట్టి, పెద్ద బడి అయితే తరగతుల వారీగా రోజులు పంచుకోండి.