ప్రొటీన్ డబ్బాకు లోన్ ఎందుకండీ?

ప్రశ్న: నా వయసు 25. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, ఎస్ఆర్ నగర్‌లో హాస్టల్. జీతం చేతికి 28,000 వస్తుంది. ఇంటికి 8,000 పంపుతాను. హాస్టల్‌కు 7,500, పెట్రోల్‌కు 2,000, ఫోన్‌కు 500 అవుతాయి. జిమ్ ఏడాది ప్యాకేజీ ఈఎంఐలో తీసుకున్నాను, నెలకు 1,500 చొప్పున ఇంకా ఏడు నెలలు కట్టాలి. నా బరువు 68 కిలోలు. రోజుకు 136 గ్రాముల ప్రొటీన్ కావాలని ట్రైనర్ చెప్పడంతో వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) వాడుతున్నాను. దానికి నెలకు 5,500. క్రెడిట్ కార్డు మీద కొంటున్నాను. కార్డు బాకీ 22,000కు చేరింది, నెలకు 1,100 మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) కడుతున్నాను. బ్యాంకులో 3,000 ఉన్నాయి. ఒక లోన్ యాప్ ఏడాదికి 30 శాతం వడ్డీతో 18 నెలలకు 40,000 ఇస్తానంటోంది. కార్డు బాకీ తీర్చేసి, మిగతా 18,000తో ఆఫర్‌లో నాలుగు నెలల ప్రొటీన్ ఒకేసారి కొంటే 4,000 కలిసొస్తుంది. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఆ యాప్ ముందు ఫోన్లోంచి తీసేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఉత్తరమే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ మధ్య పాతికేళ్ల పిల్లల లెక్కలు చూస్తే చాలామందిది ఇదే వరస. ఒంట్లోకి ఎన్ని గ్రాములు వెళ్తున్నాయో నోటి మీద చెబుతారు. బ్యాంకులో ఎంతుందంటే నీళ్లు నములుతారు. మీరు మూడు వేలని రాశారు, అదీ ఉత్తరం చివర్లో. నాకు మాత్రం అన్నిటికన్నా ముందు కనబడింది అదే.

ముందు లోన్ సంగతి తేల్చేద్దాం. 40,000కు 30 శాతం వడ్డీ అంటే 18 నెలల పాటు నెలకు సుమారు 2,790. మొత్తం కట్టేది 50,000 పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. ప్రొటీన్ కోసం తీసుకునే 18,000 వాటాకే వడ్డీ నాలుగున్నర వేలు దాటుతుంది. మీకు ఆఫర్‌లో కలిసొచ్చేది నాలుగు వేలు. డబ్బాలు నాలుగు నెలల్లో ఖాళీ. ఆ తర్వాత పద్నాలుగు నెలలు దేనికి ఈఎంఐ కడుతున్నట్టు? తిని అరిగించుకున్నదానికి! ఇల్లో, బండో, చదువో అయితే అప్పు చేశారంటే ఒక అర్థం ఉంది. నెలవారీ తిండికి అప్పు చేయడం ఏమిటండీ?

కార్డు వడ్డీ కన్నా యాప్ వడ్డీ తక్కువే కదా అంటారు. కార్డుకు నెలకు 3.75 శాతం వేసుకున్నా 22,000 మీద వడ్డీ 825, దాని మీద జీఎస్టీ 148. మీరు కట్టే 1,100లో అసలుకు పోయేది 127 రూపాయలు. ఇంకోటి, పాత బాకీ మొత్తం తీర్చనంత కాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు దొరకదు. డబ్బా మీద వడ్డీ కొన్న రోజు నుంచే పడుతుంది. అందుకే రేపే బ్యాంకుకు ఫోన్ చేసి ఆ బాకీని 12 నెలల ఈఎంఐగా మార్చమనండి. సాధారణంగా ఏడాదికి 16 శాతం అటూ ఇటూగా మారుస్తారు. నెలకు రెండు వేలతో ఏడాదిలో తీరిపోతుంది. అప్పటిదాకా కార్డు బయటికి తీయొద్దు.

ఇక గ్రాముల లెక్క. నేను డైటీషియన్‌ని కాను. కానీ మామూలు మనిషికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పేది కిలో బరువుకు 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు 1.6 చాలని ఎక్కువగా చెబుతుంటారు. అంటే మీకు 110 దాకా. హాస్టల్ అన్నం, పప్పు, పెరుగు కలిపి నలభై వస్తాయనుకుందాం. ఐదు గుడ్లకు 30. మీల్ మేకర్ ఎండువి 40 గ్రాములకు 20. అర లీటరు పాలకు 16. గుప్పెడు పల్లీలకు 7. లెక్క సరిపోయింది. ఖర్చు రోజుకు 80 లోపే, నెలకు 2,400. హాస్టల్లో స్టవ్ పెట్టనివ్వరని తెలుసు. కెటిల్లో గుడ్లు ఉడుకుతాయి, అదే వేడినీళ్లలో మీల్ మేకర్ పది నిమిషాలు నానబెట్టి గట్టిగా పిండి సాంబార్లో వేసుకోవచ్చు. పిండకపోతే ఆ వాసనకు రెండో రోజే మానేస్తారు. శనివారం గుడ్డు ముట్టనివాళ్లయితే రాత్రే స్టీలు డబ్బాలో శనగలు నానేసుకోండి.

ఇప్పుడు నా అసలు గోల. అత్యవసర నిధి. జిమ్‌కు వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. స్క్వాట్ చేస్తుంటే మోకాలి లిగమెంట్ తెగిందనుకోండి. కంపెనీ గ్రూప్ పాలసీ ఉంటే ఆసుపత్రి బిల్లు అది చూసుకుంటుంది. డాక్టర్ రెండు నెలలు నడవొద్దంటే, సెలవులు అయిపోయాక జీతం ఎవరిస్తారు? ఒకటో తారీఖున హాస్టల్ ఫీజు ఏ పాలసీ కడుతుంది? ఇంటికి పంపే ఎనిమిది వేలు? దేన్ని ఆపినా ఆపకపోయినా అది ఆగకూడదు కదా. చేతిలో మూడు వేలుంటే అప్పుడు మళ్లీ ఆ యాప్ గుమ్మం తొక్కాల్సిందే, ఈసారి బేరమాడే ఓపిక కూడా ఉండదు.

మీకు ఇంటికి పంపేదానితో కలిపి నెలకు తప్పనిసరి ఖర్చు సుమారు 20,000. మూడు నెలలకు 60,000 పక్కన ఉండాలి. ఎక్కడి నుంచి తెస్తామంటారా? పాత ఖర్చులు 19,500, కొత్త తిండి 2,400 పోగా 6,100 మిగులుతాయి. బయటి తిండి, టీలు, సినిమాలు అన్నీ 2,600లో సర్దుకోండి. మిగిలిన 3,500లో రెండు వేలు కార్డుకు, 1,500 నిధికి. ఏడు నెలల తర్వాత జిమ్ ఈఎంఐ అయిపోగానే ఆ డబ్బూ నిధికే, నెలకు మూడు వేలు. ఏడాది తిరిగి కార్డు తీరాక ఐదు వేలు. జీతం రూపాయి పెరగకపోయినా 19వ నెలకు 60,000 పూర్తి. ఇది జీతం పడే ఖాతాలో ఉంచకండి, కనబడితే ఖర్చవుతుంది. వేరే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ తెరిచి, జీతం పడిన మర్నాడే వెళ్లిపోయేలా పెట్టుకోండి.

సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్లలో పెట్టేవి), చిట్టీలు ఆ నిధి నిండాకే. పండగ బోనస్ ఏదైనా వస్తే ఐదు లక్షల సొంత హెల్త్ పాలసీ తీసుకోండి. ఉద్యోగం మారితే కంపెనీ పాలసీ మీ వెంట రాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు.

ప్యాకేజీ అయిపోయే నెలలో జిమ్ కౌంటర్లో మళ్లీ 'ఏడాదికి కడితే సగం ధరే సార్, ఈఎంఐ కూడా ఉంది' అంటారు. నెలకో, మూడు నెలలకో కట్టండి, అదీ చేతిలో ఉన్న డబ్బుతోనే.