మెషీన్ లేని ఉద్యోగమైతే భయం లేదా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారు జిన్నింగ్ మిల్లులో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నారు. ఇప్పుడు ఒక షాపులో కూర్చుంటున్నారు. బాబు నల్లపాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేశాడు. మల్లవల్లిలో ఒక ఫ్యాక్టరీవాళ్లు ట్రైనీగా రమ్మన్నారు, నెలకు 16 వేలు. వాడికి వెళ్లాలనే ఉంది. నాకు మాత్రం మెషీన్ మాట వింటేనే టెన్షన్. పాప బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది. దాని గురించి నాకు దిగులు లేదు, ఆస్పత్రి పనే కదా. బాబుకి కూడా అలా దెబ్బలు తగలని లైను ఏదైనా చెప్పండి.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు:

అమ్మా, మీరు రాసింది చదివాక నాకు బాబుకంటే ముందు పాప గురించే ఆలోచన వచ్చింది. "దాని గురించి దిగులు లేదు" అన్నారు చూశారా, అందుకు. అక్కడి నుంచే మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి.

అమెరికాలో కార్మిక గణాంకాల సంస్థ ఏటా ఒక లెక్క తీస్తుంది. ప్రాణం పోని దెబ్బలు, పని వల్ల వచ్చిన జబ్బులు ఏ రంగంలో ఎన్ని అని. ప్రథమ చికిత్సతో సరిపోక వైద్యం చేయించాల్సి వచ్చినా, దెబ్బ తగిలాక ఒక్కరోజు పని మానాల్సి వచ్చినా అది లెక్కలోకి వస్తుంది. 2023లో ప్రైవేటు రంగంలో ఇలాంటివి 26 లక్షల దాకా తేలాయి. పూర్తికాలం పనిచేసే ప్రతి 100 మందికి 2.4 అన్నమాట. రంగాలవారీగా చూస్తే నిర్మాణ రంగంలో సుమారు 2.3, ఫ్యాక్టరీల్లో 2.8. ఆస్పత్రులు, వృద్ధులను చూసుకునే కేంద్రాలు ఉన్న రంగంలో 3.6. రవాణా, గోడౌన్ల పనిలో 4.5. మీరు ఏ పనికి భయపడుతున్నారో దానికంటే, ఏ పనిలో భయం లేదనుకుంటున్నారో అందులోనే దెబ్బలు ఎక్కువ.

చావుల లెక్క తీస్తే వరస మారిపోతుంది. అక్కడ నిర్మాణం, రవాణా, వ్యవసాయం ముందుంటాయి. టీవీలో మనకు కనిపించేవి అవే కాబట్టి ఏది ప్రమాదమైన ఉద్యోగమో వాటిని చూసే తేల్చేస్తాం. ఆస్పత్రిలో నర్సు నడుము పట్టేసి వారం రోజులు మంచం దిగలేకపోతే అది ఏ పేపర్లోనూ రాదు.

మన దేశం లెక్క ఇవ్వకుండా అమెరికా సంగతి ఎందుకంటారేమో. మన దగ్గర ప్రధానంగా పోగయ్యేది రిజిస్టరైన ఫ్యాక్టరీల లెక్క. అదీ 48 గంటలు, అంతకుమించి పనికి రాలేని దెబ్బ అయితేనే అధికారులకు తెలపాలని పాత ఫ్యాక్టరీల చట్టంలో పెట్టారు. అందులోనూ రాయనివి ఎన్నో. మన మిర్చి యార్డులో రోజంతా టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ నడుము, తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గు, పొలంలో మందు కొట్టి వాంతులు చేసుకున్న కూలీ... వీళ్లెవరూ ఆ రిజిస్టర్లలో ఉండరు. లెక్కలో లేనంత మాత్రాన దెబ్బ లేదని కాదు కదా.

ఇక పాప సంగతి. నర్సింగ్‌లో ఎక్కువ మందిని దెబ్బతీసేది నడుము, భుజాలు. మంచం మీద కదల్లేని మనిషిని ఒక్కతే పక్కకు తిప్పడం, స్ట్రెచర్ మీదికి లాగడం. సాయానికి మరో మనిషి ఉన్నా, జారుడు షీటు వాడినా ఆ బరువు చాలా తగ్గుతుంది. రెండోది సూది గుచ్చుకోవడం. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. హెపటైటిస్ బి టీకా వేసుకోని నర్సుకి, ఆ వైరస్ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే జబ్బు అంటుకునే అవకాశం 30 శాతం దాకా ఉంటుంది. అదే హెచ్‌ఐవీ అయితే వెయ్యింటికి మూడు. జనం హెచ్‌ఐవీకి వణికిపోతారు, హెపటైటిస్ టీకా మాత్రం మర్చిపోతారు! పాపని ఇవాళే అడగండి: మూడు డోసులూ పడ్డాయా, ఆ తర్వాత రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేశారా అని. ఆస్పత్రి వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి ఈ టీకా, ధనుర్వాతం టీకా వేయించాల్సింది యాజమాన్యమేనని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. సూది గుచ్చుకుంటే సిగ్గుపడో, సిస్టర్ తిడుతుందనో దాచకూడదు. సబ్బుతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు.

ఇదంతా చెప్పి పాప చదువు మాన్పించమనడం లేదు. నర్సింగ్ మంచి చదువు. రోగి బంధువులు చేయి చేసుకోవడం, వరసగా నైట్ డ్యూటీలు కూడా అందులో ఉంటాయని తెలిసి వెళ్లాలి, అంతే.

ఇప్పుడు బాబు. ముందు మీవారిని ఒక మాట అడగండి: ఆ రోజు మెషీన్ ఆగి ఉందా, తిరుగుతోందా? జిన్నింగ్‌లో అయినా స్పిన్నింగ్‌లో అయినా వేళ్లు పోయే తీరు చాలావరకు ఒకటే. రోలర్ దగ్గర పత్తి ఇరుక్కుంటుంది. ఆపితే పని ఆగుతుంది, సూపర్‌వైజర్ అరుస్తాడు. సరే, ఒక్క క్షణం కదా అని చెయ్యి పెడతారు. చెయ్యి లోపలికి పోకుండా ఉండాల్సిన గార్డును (కవరును) అడ్డంగా ఉందని ఎప్పుడో విప్పి మూలన పడేసి ఉంటారు. మెషీన్ దానంతటదే మనిషిని పట్టుకోదు. ఆపి, స్విచ్‌కి తాళం వేసి, ఆ తాళంచెవి తన జేబులో పెట్టుకున్నాకే చెయ్యి పెట్టాలన్న పద్ధతి ఉన్న చోట ఇదే పని చేసేవాళ్లు పది వేళ్లతోనే రిటైర్ అవుతున్నారు.

కాబట్టి మెషీన్ ఉందా అని కాదు, ఆ ఫ్యాక్టరీలో అది ఎలా నడుస్తోంది అని చూడాలి. చేరేముందు షాప్ ఫ్లోర్, అంటే మెషీన్లు నడిచే చోటు, ఒకసారి చూపించమని బాబు అడగొచ్చు. ప్రెస్‌లకి రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే కదిలే ఏర్పాటు ఉందా? గార్డు తీస్తే మెషీన్ ఆగిపోతుందా? ఇరుక్కున్నప్పుడు ఎవరు తీస్తారు, ఎలా? ఇవి చిన్న ప్రశ్నలే, కానీ జవాబు చెప్పేవాడి మొహం చూస్తే సగం తెలిసిపోతుంది. "ఏం కాదు తమ్ముడూ, అలవాటైపోతుంది" అంటే వద్దనుకోండి. డ్రిల్లు, లేత్ లాంటి తిరిగే మెషీన్ల దగ్గర చేతికి గ్లౌజులు, వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాలు ఉండకూడదని కూడా వాడికి తెలిసి ఉండాలి. గ్లౌజు ఎప్పుడూ కాపాడుతుందనుకుంటాం గానీ అక్కడ అదే చేతిని లోపలికి లాగేస్తుంది. విజయవాడ ఆటోనగర్లో లుంగీ కట్టుకుని, నల్లద్దం లేకుండా వెల్డింగ్ చేసే కుర్రాళ్లను చూస్తూనే ఉంటాం. రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. పొద్దున్నే మళ్లీ పని. అది నైపుణ్యమని మాత్రం బాబు అనుకోకూడదు.

నెమ్మదిగా వచ్చేవి కూడా ఉంటాయి. 85, 90 డెసిబెల్స్ మోతలో ఏళ్ల తరబడి పనిచేస్తే వినికిడి పోతుంది, పోయింది తిరిగి రాదు. చేరగానే వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేయించి ఆ కాగితం జాగ్రత్త చేయమనండి. తర్వాత తేడా వస్తే అదే సాక్ష్యం. ఇక్కడే మీవారి గురించి ఒక ప్రశ్న. మిల్లులో ఉన్నప్పుడు సెలవు మర్నాడు పనికి వెళ్లగానే ఛాతీ పట్టేసినట్టు ఉండేదా? పత్తి దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ అలాగే మొదలవుతుంది. వారాంతపు సెలవు తర్వాత మొదటి రోజు ఎక్కువ, తర్వాత రోజుల్లో తక్కువ. ఇప్పటికీ ఆయాసం ఉంటే ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించి, మిల్లులో పనిచేసిన సంగతి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఆస్తమా అనో, బీడీల వల్ల అనో రాసేస్తారు.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది కాగితం గురించి. "ట్రైనీ" అనే మాటకు చట్టంలో ఒకే అర్థం లేదు. కంపెనీ రోల్ మీదా, కాంట్రాక్టరు కిందా, అప్రెంటిస్ చట్టం కిందా? ముందు ఇది తేలాలి. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని వాటిలో ఉంది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అప్రెంటిస్ అయితే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) మామూలుగా ఉండదు గానీ, దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే. ఉద్యోగి అయితే 21 వేల లోపు జీతానికి ఈఎస్ఐ ఉండాలి. 16 వేలకు బాబు జీతంలో కోసేది 120 రూపాయలు, కంపెనీ కట్టేది 520. పనిలో దెబ్బ తగిలి మంచాన పడితే నయమయ్యేదాకా జీతంలో సుమారు 90 శాతం వస్తుంది, చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా సరే. మీ ఇద్దరూ వాడి మీద ఆధారపడి ఉంటే మీకూ వైద్యం ఉంటుంది. విజయవాడ గుణదలలో ఈఎస్ఐ ఆస్పత్రి ఉందిగా. కాంట్రాక్టరు కింద అయినా చందా కట్టించే బాధ్యత అసలు కంపెనీదే. మొదటి నెల జీతం స్లిప్పులో ఈఎస్ఐ నంబరు కనిపించకపోతే రెండో నెల దాకా ఆగొద్దు.

ఇంకొకటి. బాబు గుంటూరు నుంచి మల్లవల్లికి రోజూ బైకు మీద తిరుగుతానన్నాడా? అలా అయితే నాకు ఫ్యాక్టరీలోని ప్రెస్‌కంటే నైట్ షిఫ్ట్ దిగి నిద్రమత్తులో హైవే ఎక్కే ఆ బైకే ఎక్కువ భయం. కంపెనీ బస్సు ఉంటే బస్సు, లేకపోతే హనుమాన్ జంక్షన్ వైపు రూము. ఇందులో బేరం లేదు.

దెబ్బలు తగలని లైను అన్నారు. కాగితాల మీద బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ అన్నిటికంటే కిందే ఉంటాయి, నిజమే. మెడనొప్పి, మణికట్టు నొప్పి, నిద్ర లేకపోవడం ఈ లెక్కల్లోకి సరిగా రావు గానీ వేళ్లు మాత్రం పోవు. కానీ మెకానికల్ ఇష్టపడి చదివినవాణ్ని దానికోసం కోచింగ్ సెంటర్లో మూడేళ్లు కూర్చోబెట్టడం నాకు నచ్చదు. ఫ్యాక్టరీ వద్దని పట్టుబడితే ఖాళీగా ఉండలేక డెలివరీ పనికి పోతాడు. మన ఊళ్లలో అలాంటివాళ్లను ఎంతమందిని చూడలేదు! అప్పుడు మిగిలేది బైకు, దాని మీద తొందర, దెబ్బ తగిలితే ఆదుకునే యజమాని లేకపోవడం.

మీ భయాన్నే వాడి ఉద్యోగం చేసే దారి ఒకటుంది. ఇండస్ట్రియల్ సేఫ్టీ. 500 మంది, అంతకుమించి పనిచేసే ఫ్యాక్టరీలో, ప్రమాదకర ప్రక్రియలుంటే 250 మంది ఉన్నా, సేఫ్టీ ఆఫీసరు ఉండాలని కొత్త లేబర్ కోడ్ చెబుతోంది. డిప్లొమావాళ్లకి సాధారణంగా ఐదేళ్ల ఫ్యాక్టరీ అనుభవం, దాని మీద ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా అడుగుతారు. చెన్నైలోని రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట ఇది చేయొచ్చు. విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టూ గోడల మీద కనిపించే "ఫైర్ అండ్ సేఫ్టీ, నెలరోజుల్లో గల్ఫ్ ఉద్యోగం" కోర్సులకు మాత్రం డబ్బు కట్టకండి. అనుభవం లేని సర్టిఫికెట్‌తో ఆ కుర్చీ రాదు. అంటే ఈ దారిలో వెళ్లాలన్నా ముందు షాప్ ఫ్లోర్ మీద పనిచేయాల్సిందే. మల్లవల్లి ఉద్యోగం దానికి మొదటి మెట్టు కావచ్చు. నేనైతే పైన చెప్పిన ప్రశ్నలకు జవాబులు సరిగ్గా వస్తే పంపమంటాను.

చివరగా మీవారి వేళ్ల సంగతి. అప్పట్లో ఆయనకి ఈఎస్ఐ నంబరు ఉందేమో పాత కాగితాల్లో వెతకండి. ఉంటే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకి వెళ్లి, మిల్లు తరఫున ప్రమాదం రిపోర్టు వెళ్లిందా, మెడికల్ బోర్డు చూసిందా అని అడగండి. సంపాదించే శక్తి ఇంత తగ్గిందని బోర్డు తేలిస్తే జీవితాంతం నెలనెలా వచ్చే సొమ్ము ఉంటుంది. ఈఎస్ఐ లేకపోతే కార్మిక శాఖ ఆఫీసులో పరిహారం గురించి అడగాలి. మామూలుగా రెండేళ్ల గడువు ఉంటుంది గానీ, ఆలస్యానికి తగిన కారణం ఉంటే అధికారి మన్నించే వీలుంది. అప్పటి ఆస్పత్రి చీటీలు, జీతం పడిన పాస్‌బుక్కు, ఆ రోజు పక్కన పనిచేసినవాళ్ల పేర్లు పట్టుకెళ్లండి.