మొదటి అధ్యాయం నా దగ్గరే ఉంచాను

అమ్మాయీ,

నీ కట్ట అందింది. ఏడేళ్ళుగా రాస్తున్న నవల అన్నావు. విప్పి చూస్తే 212 పేజీలు, అందులో 94 మొదటి అధ్యాయమే. ఆరు రకాలుగా రాశావు! కోపంతో పక్కన పెట్టేశాను. రాత్రి మళ్ళీ తీస్తే వానాకాలం ఘట్టం తగిలింది. మగ్గం గుంటలోకి నీళ్ళూరుతుంటే నాయనమ్మ కొంగు దోపుకుని సత్తుగిన్నెతో తోడుతూ, "పడుగు మెత్తబడతందిరా, లాంతరు ఇటు పెట్టు" అని కొడుకుని కేకెయ్యడం. చీరాల మగ్గాల మధ్య పెరిగినదానివి కాబట్టి రాయగలిగావు. ఆ పేజీ ఒక్కసారే రాసినట్టుంది, కొట్టివేతల్లేవు. ఆరుసార్లు చెక్కిన ఆరంభంలో దానికి సాటి వచ్చే వాక్యం ఒక్కటీ లేదు.

విశ్వనాథవారు వేయిపడగలు 29 రోజుల్లో ముగించారట, నా వల్ల ఎందుకు కావడం లేదని అడిగావు. రోజుల లెక్క వదిలెయ్. ఆయన చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారు. నోటితో చెప్పేవాళ్ళకి నిన్నటి పేజీ తీసి కొట్టేసే తీరిక ఉండదు. తర్వాతి మాట కోసం ఎదురుగా ఒక మనిషి కలం పట్టుకుని కూర్చుంటారు. ఆ కథలో మనం నేర్చుకోవాల్సింది అదే.

నా రెండో నవలకి తొమ్మిదేళ్ళు పట్టింది. ఒక వారపత్రిక సంపాదకుడు, "మొదటి రెండు పేజీల్లో పాఠకుణ్ణి పట్టెయ్యాలి, మళ్ళీ రాయండి" అని మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి ఆయన కోసం మొదటి పేజీలో ఒక శవాన్ని కూడా పెట్టాను. ఈలోగా చేతబడుల సీరియళ్ళ మోజు వచ్చింది, నా నవల అక్కర్లేదన్నాడు. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు. నవల పోయినందుకు కాదు. ఆరంభాన్ని చెక్కుతూ కూర్చునే జబ్బు నాకు అంటించినందుకు.

అది వదిలింది ఆసుపత్రి వరండాలో. అమ్మకి జబ్బు చేస్తే మూడు నెలలు అక్కడే ఉన్నాను. పాత కాగితాలన్నీ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. చేతిలో ఉన్నది ఒక తెల్లకాగితాల పుస్తకం. వెనక ఏం రాశానో చూసుకునే దారి లేక ముందుకే రాశాను. 19 అధ్యాయాలయ్యాయి. ఇంటికొచ్చి కలిపి చూస్తే కథానాయకుడి తమ్ముడికి రెండు పేర్లున్నాయి, ఊరి బావి తూర్పు నుంచి పడమరకి మారింది. అవన్నీ సరిచెయ్యడానికి ఆరు వారాలు పట్టింది. మొదటి అధ్యాయం మాత్రం ఆఖర్న కొత్తగా రాశాను. అప్పటికి గానీ అది దేనికి మొదలో నాకు తెలియలేదు.

మీ నాన్న నేస్తుంటే చూసే ఉంటావు. నేసిన మేర చుట్టుకుపోతుంది. ఎదురుగా జానెడు గుడ్డ, దాని ముందు పడుగు, అంతే కనపడేది. నువ్వూ అలాగే రాయి. నడుమ మనసు మారి తాతని బతికించాలనిపిస్తే వెనక్కెళ్ళకు. వేరే చిట్టా పుస్తకంలో "మూడో అధ్యాయంలో తాత చావడు" అని ఒక ముక్క రాసుకో. ఆయన బతికే ఉన్నట్టు తర్వాతి పేజీకి వెళ్ళిపో. మర్నాడు కూర్చున్నప్పుడు నిన్నటి ఆఖరి పేరా ఒక్కటే చదువు. స్నేహితులకి చదివి వినిపించకు. మొదలు బాగుందంటే అక్కడే ఆగిపోతావు.

నవల పేరు గురించీ ప్రచురణకర్తల గురించీ అడిగావు. ఇప్పుడు వద్దు.

మిగతా పేజీలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆ 94 నా బీరువాలో ఉంటాయి. నీ కంప్యూటర్లో ఇంకో ప్రతి ఉంటుందని తెలుసు. తెరవనని మాటివ్వు. ఆఖరి అధ్యాయం నాకు చేరిన రోజే వీటిని పోస్టు చేస్తాను.

ఆ రాత్రి నీళ్ళు తోడడం అయ్యాక నాయనమ్మ ఏం చేసింది? అక్కడే ఆపేశావు. అది రాసి పంపు ముందు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు