గలగలమనే ఫోల్డింగ్ కార్ కీ: కొత్తది ఆర్డర్ చేసేముందు ఒకసారి విప్పి చూడండి

కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్నడిగే డౌట్లలో వీసా, ట్యాక్సుల తర్వాత ఎక్కువగా వచ్చేది సెకండ్ హ్యాండ్ కారు గురించే. ఈ మధ్య ముగ్గురు తమ్ముళ్ళు ఇంచుమించు ఒకే మాట అడిగారు, "అన్నా, బటన్ నొక్కితే టక్కున బయటికొచ్చే కీ ఉంది కదా, అది జేబులో గలగలమంటోంది, తెరిస్తే బ్లేడు, అదే తాళంలో దూరే లోహపు ముక్క, అటూ ఇటూ ఊగుతోంది, డీలర్‌ని అడిగితే కొత్త కీ చేయించుకోమంటున్నాడు, నిజంగా మార్చాలా" అని. చాలాసార్లు అక్కర్లేదు. డీలర్ మోసం చేస్తున్నాడని కాదు, కీ రిపేర్ అనేది వాళ్ళు చేసే పని కాదు, కొత్తది తెప్పించి కారుకి ప్రోగ్రామ్ చేసిస్తారు అంతే. ఇక్కడ పాడయ్యేది మాత్రం చాలావరకు ఒక చిన్న పిన్నో, పైన ప్లాస్టిక్ డొప్పో.

రెంటల్ కారుదో, లీజు కారుదో అయితే మాత్రం ముట్టుకోకండి, వాళ్ళకే చెప్పండి, విప్పి ఏదన్నా పోతే బిల్లు మీకే వస్తుంది. సొంత కారైనా సరే, ఒకే ఒక్క కీ ఉంటే ముందు రెండోది చేయించుకున్నాకే ఈ పని మొదలెట్టండి. పనిచేసే కీ ఒకటి చేతిలో ఉన్నప్పుడు ఇంకోటి చేయించడం తేలిక, ఉన్నదీ పోతే కారుని లాగించుకుని తీసుకెళ్ళే దాకా రావచ్చు.

స్క్రూడ్రైవర్ తీసేముందు శబ్దం ఎక్కడినుంచొస్తోందో కనుక్కోండి, అసలు పని అదే. బ్లేడు మడిచిపెట్టి చెవి దగ్గర ఊపండి. తర్వాత బ్లేడు తెరిచి, దాన్ని వేళ్ళతో గట్టిగా పట్టుకుని మళ్ళీ ఊపండి. పట్టుకున్నా కూడా లోపల ఏదో కదులుతుంటే అది బ్యాటరీయో, సర్క్యూట్ బోర్డో. పట్టుకుంటే శబ్దం ఆగిపోతే బ్లేడు దగ్గర పిన్నో, మడత దగ్గర ఇరుసో అరిగినట్టు. డొప్పలు రెండూ వేలితో నొక్కితే కిర్రుమంటే వాటి లాకులు విరిగాయన్నమాట.

బ్యాటరీ సంగతి ముందు చూడండి, ఎందుకంటే నేను చూసినవాటిల్లో నవ్వొచ్చే కేసులన్నీ అక్కడే. సీఆర్ 2032, సీఆర్ 2025, సీఆర్ 2016 మూడూ 20 మిల్లీమీటర్ల వెడల్పే, మూడూ 3 వోల్టులే, తేడా అంతా మందంలో. 2032 అంటే 3.2 మిల్లీమీటర్లు, 2025 అంటే 2.5, 2016 అంటే 1.6. కారు అమ్మినాయన ఇంట్లో దొరికిన సన్న బ్యాటరీ ఏదో పెట్టేసి ఇచ్చేస్తాడు, అది పనిచేస్తుంది కూడా, కానీ సగం ఖాళీలో గజ్జెలా మోగుతూ ఉంటుంది, ఓ రోజు లాక్ పడుతుంది ఓ రోజు పడదు. అసలు ఏ నంబరు పెట్టాలో కారు మాన్యువల్లో ఉంటుంది, చాలా కీల్లో మూత లోపల కూడా రాసి ఉంటుంది. సరైన బ్యాటరీ పెట్టినా బోర్డు కదులుతుంటే దాని అంచుకింద పల్చటి ఫోమ్ టేపు చిన్న ముక్క అంటిస్తే చాలు, బ్యాటరీ తాకే రేకుల మీద మాత్రం అంటించకండి.

ఇక పిన్ను. చాలా ఫోల్డింగ్ కీల్లో బ్లేడు, దాని మొదట్లో తిరిగే దిమ్మ వేరువేరు ముక్కలు, రెండింటినీ కలిపేది అడ్డంగా దూరే ఒక రోల్ పిన్ను. అది గట్టి కడ్డీ కాదు, నిలువునా చీలిక ఉన్న సన్నటి స్టీలు గొట్టం, స్ప్రింగులా విచ్చుకుని రంధ్రాన్ని పట్టుకుని ఉంటుంది. ఏళ్ళతరబడి తిప్పితిప్పి అది పక్కకి జారుతుంది, లేదా రంధ్రమే పెద్దదవుతుంది. బ్లేడు మొదట్లో చూస్తే పిన్ను కొస ఒకవైపు కొంచెం బయటికొచ్చి కనిపిస్తుంది, అలా ఉంటే మీ అదృష్టం, కీ విప్పకుండానే చెక్క మీద ఆనించి సన్నటి పంచ్‌తో, లేకపోతే మొన అరగదీసిన మేకుతో, మెల్లగా రెండు దెబ్బలు వేస్తే లోపలికెళ్ళి బిగుస్తుంది. అలా కొట్టినా నిలవకుండా మళ్ళీ బయటికొస్తుంటే పాతది తీసేసి అదే సైజు కొత్త పిన్ను వేసుకోవాలి, ఇవి ఆన్‌లైన్లో కీ పిన్నులని గుప్పెడు ఒకేసారి వస్తాయి. కొన్ని కీల్లో పిన్ను బదులు చిట్టి స్క్రూ ఉంటుంది, అది బిగిస్తే అయిపోయింది.

సూపర్ గ్లూ మాత్రం పొయ్యొద్దు. నేను పోశాను కాబట్టి చెప్తున్నా. నా మొదటి కారు కీ ఊగుతోందని పిన్ను దగ్గర ఒక్క చుక్క వేశా, ఒక్కటే, ఆ చుక్క సందుల్లోంచి పాకి మడత ఇరుసులోకి వెళ్ళిపోయి మడిచిన బ్లేడు మడిచినట్టే అతుక్కుపోయింది, రాత్రి పదకొండింటికి, మర్నాడు పొద్దున్నే ఆఫీసు. నేనింకా తెలివిగా నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చి రుద్దా. దాంట్లో ఉండే ఎసిటోన్ గ్లూతోపాటు ఆ ప్లాస్టిక్‌ని కూడా కరిగిస్తుందని అప్పుడు తెలీదు, డొప్ప తెల్లబడి జిగురుజిగురుగా అయ్యి నా వేలిముద్ర దానిమీద పర్మనెంటుగా పడింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ కీ దాచిపెట్టి ఇంటికొచ్చినవాళ్ళకి చూపిస్తుంది.

పిన్ను బాగానే ఉండి మడత దగ్గరే వదులుంటే కీ తెరవక తప్పదు. స్క్రూ ఉంటే బ్యాటరీ మూత కిందో, కంపెనీ బిళ్ళ కిందో దాక్కుని ఉంటుంది, లేకపోతే డొప్పలు నొక్కి పెట్టినవే అయ్యుంటాయి. చాకు పెట్టకండి, గోరుతోనో పాత ప్లాస్టిక్ కార్డుతోనో అంచు వెంట నెమ్మదిగా విప్పండి. ఇదంతా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేయండి, నవ్వుకున్నా పర్లేదు, బటన్ కింద చుట్ట స్ప్రింగ్ ఒకటుంటుంది, అది ఎగిరి కార్పెట్లో పడితే ఆ సాయంత్రం మీది కాదు. తెరిచిన వెంటనే ఫోన్లో ఫోటో తీసి, స్ప్రింగ్ ఎన్ని చుట్లు బిగించి ఉందో వదులు చేస్తూ లెక్కపెట్టుకోండి. తిరిగి పెట్టేటప్పుడు బ్లేడు మడిస్తే స్ప్రింగ్ బిగుసుకోవాలి, తక్కువ చుట్లు పెడితే బ్లేడు సగంలో ఆగుతుంది, ఎక్కువైతే పూర్తిగా మడవదు.

ఇరుసు కొద్దిగా అరిగితే నల్లాలకి చుట్టే టెఫ్లాన్ టేపు ఒకటి రెండు చుట్లు వేసి బిగించండి, కొన్నాళ్ళు నడుస్తుంది. ఏదన్నా పూయాలంటే సిలికోన్ గ్రీజు అగ్గిపుల్ల కొసంత, అంతకంటే వద్దు. తలుపు తాళాల్లో వేసే గ్రాఫైట్ పొడి ఇక్కడ వాడకండి, అది కరెంటు పారనిస్తుంది, బోర్డు మీద పడితే కొత్త తలనొప్పి.

బాగా అరిగిపోతే ఖాళీ షెల్, అంటే లోపల బోర్డు లేని కీ డొప్ప, కొనుక్కోండి, కానీ ఆర్డర్ చేసేముందు పాతదాంతో బటన్ల సంఖ్య, బ్యాటరీ ఎటువైపు, బ్లేడు గాడి ఆకారం, పిన్నా స్క్రూనా అన్నీ సరిచూసుకోండి. షెల్‌తో వచ్చే బ్లేడుకి పళ్ళు కోసి ఉండవు, మీ పాత బ్లేడునే పిన్ను తీసి ఇందులోకి మార్చుకోవాలి.

ఇంకో సంగతి, బరువైన కీచైన్ తీసేయండి. ఇల్లు, ఆఫీసు, జిమ్ము, బాటిల్ ఓపెనర్ అన్నీ దానికే వేలాడదీస్తే కారు గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ బరువంతా మడత మీదే లాగుతుంది. 2014లో జనరల్ మోటర్స్ 2010 నుంచి 2014 మోడల్ కమారో కార్లు 5 లక్షలకి పైగా రీకాల్ చేసింది, కారణం డ్రైవర్ మోకాలు కీకి తగిలితే ఇగ్నిషన్ రన్ పొజిషన్‌లోంచి, అంటే ఇంజన్ నడిచే స్థానంలోంచి, జారిపోవచ్చని. దానికి వాళ్ళు చెప్పిన రిపేర్, మడిచే కీ తీసేసి మామూలు కీ ఇవ్వడం. అందుకే ఇగ్నిషన్లో పెట్టాక కీ బాగా ఊగుతుంటే దాన్ని ఉత్త చప్పుడే కదా అని వదిలేయకండి. మీటింగుల్లో కూర్చుని టక్ టక్ అని తెరుస్తూ మూస్తూ ఆడుకునే అలవాటు కూడా మానండి, నాకే ఇంకా పోలేదు.

షెల్ మార్చాక పాతది అదే రోజు చెత్తబుట్టలో వెయ్యకండి. ఇమ్మొబిలైజర్ చిప్, అంటే ఇది తన కీయేనని కారు గుర్తుపట్టే చిప్, కొన్ని కీల్లో బోర్డు మీదే ఉంటుంది, కొన్నింట్లో బియ్యపుగింజ కంటే కొంచెం పెద్దగా, నల్లగా, డొప్ప మూలలో ఒక గూట్లో విడిగా అంటించి ఉంటుంది. అలా విడిగా ఉన్న చిప్‌కి రిమోట్‌తోనూ బ్యాటరీతోనూ సంబంధం లేదు కాబట్టి, అది పాత డొప్పలో ఉండిపోయినా రిమోట్ బటన్లు ఎంచక్కా పనిచేస్తాయి, తలుపులు తెరుచుకుంటాయి, కారే స్టార్ట్ అవ్వదు, లేదా స్టార్టయ్యి రెండు సెకన్లలో ఆగిపోయి డాష్‌బోర్డులో కీ బొమ్మ వెలుగుతుంది. అలా జరిగితే కంగారుపడి టోయింగ్‌కి ఫోన్ చేయకుండా ముందు పాత డొప్ప మూలలన్నీ వెతకండి.