వెనక టైరుకు పదిహేడు వేలు పెట్టాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, రాజమహేంద్రవరంలో ఉద్యోగం. జీతం చేతికి 74,000 వస్తుంది. సూపర్ మీటియోర్ 650 బండి ఉంది. దాని ఈఎంఐ 9,600, ఇంకా 19 నెలలు కట్టాలి. సిప్ 8,000 కడుతున్నాను. అత్యవసరాలకని 1.6 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి. అన్నీ పోను నెలకు ఆరేడు వేలు మిగులుతాయి. 13,000 కిలోమీటర్లకే వెనక టైరు అరిగిపోయింది. రెండున్నర నెలల్లో, డిసెంబరు మొదటి వారంలో మా ఆవిడతో కన్యాకుమారి వెళ్తున్నాను. షాపులో మూడు టైర్లు చూపించారు. మన దేశంలో తయారైంది 9,200, పదిహేను వేల కిలోమీటర్లు వస్తుందట. విదేశీ టైరు 17,400, ఇరవై వేలు వస్తుందట. అదే విదేశీ టైరు 'ఆఫర్'లో ఒకటి 11,000కు ఇస్తామన్నారు. ఎక్కువ కాలం మన్నేదే కొనాలని ఉంది. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ తీసుకోనా? మూడు నెలలు సిప్ ఆపనా? ఎఫ్‌డీ తీయనా? టైరుకు పదిహేడు వేలేమిటని ఇంట్లో అంటున్నారు.

జవాబు: ముందు ఆ మూడో టైరు సంగతి చెప్పేస్తాను. మీరు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరసలో చివర కోడిగుడ్డు ఆకారపు గడి ఉంటుంది, అందులో నాలుగు అంకెలుంటాయి. మీ ఫోటోలో 1121 అని ఉంది. అంటే 2021లో 11వ వారం తయారైన సరుకు. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. షాపులో ఎండ తగిలే చోట వేలాడదీసి ఉంటే మరీ త్వరగా. దాన్ని తీసుకోవద్దు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న విషయం. చాలా ఏళ్ల కిందట నేనూ ఇలాగే అంకెలు చూడకుండా, తగ్గింపు ధరకు వస్తోందని పాత సరుకు టైరు వేయించుకున్నాను. ఏడో నెలలో బండి కడుగుతూ వేలితో రాస్తే పక్కగోడ మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు తగిలాయి. ట్రెడ్ (టైరు మీది గాడుల మందం) ఇంకా బోలెడంత ఉంది, అయినా తీసి పారేయక తప్పలేదు. ఏడాది తిరక్కుండా రెండు టైర్ల డబ్బు పెట్టాను.

ఇక మిగిలిన రెండింటి లెక్క. మా నాన్నగారికి తాడేపల్లిగూడెంలో రెండు లారీలుండేవి. ఎర్ర అట్ట పుస్తకం ఒకటి పెట్టుకునేవారు. ప్రతి టైరుకూ ఒక వరస: టైరు నంబరు, వేసిన రోజు రీడింగు, తీసిన రోజు రీడింగు, కొన్న ధర. టైరు ఎంత పెట్టి కొన్నావని ఎవరైనా అడిగితే ఆయన ధర చెప్పేవారు కాదు, కిలోమీటరుకు ఎన్ని పైసలు పడిందో చెప్పేవారు. లారీ నడిపే ఇళ్లలో అందరికీ తెలిసిన లెక్కే ఇది. మోటార్ సైకిల్ వాళ్లం మాత్రం వేయం.

మీ టైర్లకు వేద్దాం. 9,200 టైరు 15,000 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 61 పైసలు. మీ పాత టైరులాగే 13,000కే అరిగినా 71 పైసలు. 17,400 టైరు షాపువాళ్లు చెప్పినట్టు 20,000 వచ్చినా 87 పైసలు. అది మొదటి దానితో సమానంగా గిట్టాలంటే 28,000 కిలోమీటర్ల పైన రావాలి. షాపువాళ్లే అంత రాదంటున్నారు. కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుంది, డబ్బు మిగులుతుంది అనే కారణంతో దాన్ని కొనడంలో అర్థం లేదు.

వేరే కారణం ఉండొచ్చు, దాన్ని కొట్టిపారేయను. తడి రోడ్డు మీద పట్టు. మీరు వెళ్లేది డిసెంబరులో. మనకు వానలు తగ్గే వేళకు తమిళనాడులో ఈశాన్య రుతుపవనాలుంటాయి. చెన్నై దాటాక ఏ రోజైనా వాన పట్టుకోవచ్చు. టైరులో మన్నిక, పట్టు ఒకదాన్నొకటి లాగుతుంటాయి. రబ్బరు గట్టిదైతే నెమ్మదిగా అరుగుతుంది, తడిలో పట్టు కాస్త తగ్గుతుంది. మెత్తదైతే బాగా పట్టుకుంటుంది, తొందరగా అరుగుతుంది. రెండూ కావాలని మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్త రబ్బరు పెట్టి కొన్ని టైర్లు చేస్తారు. అందుకే 'అన్నిటికంటే ఎక్కువ కాలం వచ్చేది' అని అడిగి టైరు కొనకండి. వెనక సీట్లో మీ శ్రీమతిగారు కూర్చుంటారు.

బరువు సంగతికొస్తే, విదేశీ టైరు మీద 77 హెచ్ అని ఉంది, ఎక్కువ బరువు మోస్తుందన్నారు అని రాశారు. నిజమే. అంకె బరువుకు, హెచ్ అక్షరం వేగానికి గుర్తు. 77 అంటే 412 కిలోలు, మీ బండికి కంపెనీ ఇచ్చిన 71 అంటే 345 కిలోలు. కానీ మీకు కావలసింది ఎంత? బండి 241, మీరు 82, ఆవిడ 60, సామాను 22, మొత్తం 405. అందులో మూడింట రెండు వంతులు వెనక చక్రం మీదే పడిందనుకున్నా 270. అంటే 71 సరిపోయి ఇంకా మిగులుతుంది. అక్కర్లేని బరువు కోసం ఎనిమిది వేలు ఎక్కువ పెట్టడమెందుకు?

విదేశీ టైర్ల ధరలు అలా ఉండటానికి ఒక కారణం 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టడం. లైసెన్సు లేనిదే తేవడానికి లేదు. సరుకు తక్కువగా వస్తే ధర పెరుగుతుంది, ఉన్న పాత సరుకు ఆఫర్ల పేరుతో తిరుగుతుంటుంది.

నా సలహా 9,200 టైరే. సైజు 150/80 బి16, 71 హెచ్ అని, ఐఎస్ఐ గుర్తు ఉందని చూసుకోండి. తయారీ ఆరు నెలల లోపుదైతేనే వేయించుకోండి, లేకపోతే తెప్పించమనండి, మీకు సమయముంది. ఆ బి అక్షరం టైరు లోపలి అల్లిక ఎలాంటిదో చెబుతుంది. ముందు టైరు ఒక అల్లిక, వెనకది రేడియల్ అనే వేరే అల్లిక, ఇలా కలపడం బండి కంపెనీ ఒప్పుకుంటే తప్ప చేయకూడదు. వెనక చక్రానికి కారు టైరు వేయించమని మీ స్నేహితుడు చెప్పాడన్నారు, ఆ మాట మర్చిపోండి. అమెరికాలో పెద్ద బళ్లకు కొందరు అలా వేస్తారు, నిజమే. కానీ కారు టైరు బల్లపరుపుగా ఉంటుంది, మలుపులో బండి వాలడానికి చేసింది కాదు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిము దగ్గరా ఇబ్బందే.

బిల్లు తప్పకుండా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 7,800 ఉండే టైరు అప్పట్లో 9,984 పడేది, ఇప్పుడు 9,204. బిల్లులో ఎంత శాతం వేశారో చూడండి.

ఇప్పుడు డబ్బు ఎక్కడిది? ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. టైరు అరగడం అత్యవసరం కాదు. బండి కొన్న రోజునే అది అరుగుతుందని తెలుసు. ఈఎంఐ కూడా వద్దు. నో కాస్ట్ అంటారు గానీ ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడతాయి, రొక్కానికి ఇచ్చే తగ్గింపు పోతుంది. ఒక నెల క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే చాలా కార్డుల్లో నెలకు 3 శాతం పైనే వడ్డీ. ఇప్పటికే బండికి ఒక ఈఎంఐ కడుతున్నారు, అదే బండి టైరుకు ఇంకో ఈఎంఐ అంటే నాకు నిజంగా భయమేస్తుంది. సిప్ ఆపే అవసరమూ లేదు. రెండు నెలల మిగులు పన్నెండు వేలు దాటుతుంది. టైరు, ఫిట్టింగు, బ్యాలెన్సింగు, కొత్త వాల్వు అందులోనే అయిపోతాయి.

ట్రిప్ అయ్యాక వచ్చే నెల నుంచి వేరే ఖాతాలో నెలకు 1,650 వేయండి. మీరు నెలకు 1,100 కిలోమీటర్లు తిరుగుతానన్నారు. కిలోమీటరుకు రూపాయిన్నర చొప్పున అన్నమాట. వెనక టైరు 61 పైసలు, ముందు టైరు పాతిక పైసల దాకా, మిగిలింది చైన్ సెట్, బ్రేక్ ప్యాడ్లకు. ఏడాది తర్వాత టైరు మార్చాల్సి వస్తే ఇంట్లో ఈ టెన్షన్ ఉండదు, డబ్బు అక్కడే ఉంటుంది.

మీ పాత టైరు ఫోటో గురించి కూడా చెప్పాలి. మధ్యలో బల్లలా చదునైపోయింది, అంచుల్లో మాత్రం కొత్త టైరులా ఉంది. హైవే మీద తిన్నగా తిరిగిన బండికి అది మామూలే. గాలి నెలకోసారి, పెట్రోలు బంకులో, బండి వేడిగా ఉన్నప్పుడు కొట్టిస్తానన్నారు, 13,000కే అరగడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం. వేడి టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక తక్కువుంటుంది. గాలి తక్కువైతే టైరు నలుగుతుంది, వేడెక్కుతుంది, అరుగుతుంది. చిన్న గేజి కొని వారానికోసారి పొద్దున్నే బండి తీయకముందు చూడండి. ఒక్కరున్నప్పుడు ఎంత, ఇద్దరున్నప్పుడు ఎంత అనేది ఓనర్ మాన్యువల్లో ఉంటుంది. మన్నిక కోసం మీరు పెట్టగల అతి చవకైన ఖర్చు ఇదే.

బీమా గురించి కూడా చూసుకోండి. మామూలు సమగ్ర పాలసీలో టైరు ఒక్కటే దెబ్బతింటే ఏమీ రాదు. బండికి కూడా దెబ్బ తగిలితేనే, అదీ టైరు ఖరీదులో సగం. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి యజమానిగా నడిపే మీకే, వెనక కూర్చున్నవారికి కాదు. ఆవిడకు ప్రమాద బీమా ఉందో లేదో చూడండి, లేకపోతే ఈ నెలే తీసుకోండి. ఇది టైరు కంటే ముందు చేయాల్సిన పని.

కొత్త టైరు ట్రిప్ ముందు రోజు వేయించకండి. కనీసం రెండు వారాల ముందు వేయించి, ఒక ఆదివారం మారేడుమిల్లి దాకా నిదానంగా వెళ్లి రండి. మొదటి నూటయాభై కిలోమీటర్లు గట్టిగా బ్రేకు వేయకుండా, మరీ వాల్చకుండా నడిపితే పై పొర పోయి టైరు దారికొస్తుంది. ఆ ఘాట్ మలుపుల్లో కొత్త టైరు ఎలా ఉందో ఆవిడకూ తెలుస్తుంది. వేయించిన రోజు రీడింగు బిల్లు వెనకే రాసుకోండి. కన్యాకుమారి నుంచి వచ్చాక ఆ రీడింగు, ట్రెడ్ లోతు నాకు రాసి పంపండి, ముందు టైరు ఎప్పుడు మార్చాలో అప్పుడు లెక్క వేద్దాం.