కాన్ఫరెన్స్ పోయిన యూనివర్సిటీకి మా అబ్బాయిని పంపొచ్చా? పుల్‌మన్ లో చదివిన నా అనుభవం

మీరు అడిగింది: "మా అబ్బాయికి 2026 ఫాల్ కి వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ అడ్మిట్ వచ్చింది, నెట్ లో చూస్తే వాళ్ళ కాన్ఫరెన్స్ లోంచి పది యూనివర్సిటీలు వెళ్ళిపోయాయని, ఇదీ ఇంకొకటే మిగిలాయని రాశారు, గుర్తింపు ఏమైనా పోయిందా, పంపొచ్చా?"

అంకుల్, టెన్షన్ పడకండి. నేను 2021 ఆగస్టు నుంచి 2024 మే దాకా ఆ యూనివర్సిటీ ఉన్న ఊరు పుల్‌మన్ లోనే ఉన్నా, ఈ గొడవంతా జరిగింది కూడా సరిగ్గా అప్పుడే. కాన్ఫరెన్స్ అంటే మన నాక్, ఏఐసీటీఈ లాంటి గుర్తింపు సంస్థ కాదండి, కాలేజీ ఆటల లీగ్, అంతే. నాకు మాత్రం ఏం తెలుసు లెండి, 2022 సమ్మర్ లో మా లాబ్ లో అతను మొహం వేలాడేసుకుని "మన కాన్ఫరెన్స్ పని అయిపోయింది" అంటే, పాపం పేపర్ రిజెక్ట్ అయిందేమో అనుకుని ఏ కాన్ఫరెన్స్, ఐట్రిపుల్‌ఈ (ఇంజనీర్లు పేపర్లు చదివే సభ) నా అని అడిగా. నవ్వాలో ఏడవాలో తెలీక నా వంక అలా చూశాడు.

యూనివర్సిటీకి గుర్తింపు ఇచ్చేది నార్త్‌వెస్ట్ కమిషన్ అని వేరే ఉంది, దానికీ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) కీ సంబంధం లేదు. రీసెర్చ్ లో ఆర్1 కేటగిరీ, అంటే పరిశోధన బాగా ఎక్కువ చేసే యూనివర్సిటీల వర్గం, అదీ అలాగే ఉంది. మా ల్యాబ్ ఫండింగ్ లో కాన్ఫరెన్స్ వల్ల ఒక్క డాలర్ తగ్గలేదు. మీ ప్రశ్నకి జవాబు ఇంతే, పంపొచ్చు.

కానీ ఏమీ జరగలేదు అని చెప్తే అబద్ధం అవుతుంది, జరిగింది, ఎవరికి జరిగిందో చెప్తా.

పసిఫిక్ తీరం వైపు పెద్ద యూనివర్సిటీల లీగ్ పేరు పాక్-12. 1915 లో మొదలైంది, మా వాళ్ళు 1917 నుంచీ ఉన్నారు. దాన్ని నడిపేది టీవీ డబ్బు, మన ఐపీఎల్ రైట్స్ అమ్మినట్టే లీగ్ మొత్తం మ్యాచ్ లు కలిపి ఛానెళ్ళకి అమ్మి వచ్చింది పంచుకుంటారు. ఒక్కో యూనివర్సిటీకి ఏడాదికి 30 మిలియన్ డాలర్ల పైన వచ్చేది. 2022 జూన్ 30 న లాస్ ఏంజిలిస్ యూనివర్సిటీలు రెండూ, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, మేం బిగ్ టెన్ కి పోతున్నాం అన్నాయి. లాస్ ఏంజిలిస్ లేకపోతే టీవీ వాడు రేటెందుకు ఇస్తాడు. ఈలోగా బిగ్ 12 అనే ఇంకో లీగ్ ముందే వెళ్ళి ఈఎస్‌పీఎన్, ఫాక్స్ టీవీ ఛానెళ్ళతో సంతకాలు పెట్టేసుకుంది, మా వాళ్ళు ఏడాది పైగా బేరాలాడి చివరికి యాపిల్ వాళ్ళ స్ట్రీమింగ్ ఆఫర్ ఒకటి పట్టుకొచ్చారు, సబ్‌స్క్రైబర్లు పెరిగితే డబ్బు పెరుగుతుందనే లెక్క. ఎవరు నమ్ముతారు?

2023 జూలై లో కొలరాడో పోయింది. ఆగస్టు 4, శుక్రవారం, ఒక్క రోజులో ఐదు పోయాయి, ఓరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్ కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 కి. సెప్టెంబర్ 1 న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ కూడా అట్లాంటిక్ కోస్ట్ అనే లీగ్ లో చేరాయి, కాలిఫోర్నియా వాళ్ళు అట్లాంటిక్ తీరం లీగ్ లో ఏంటి అనకండి, బిగ్ టెన్ లో ఇప్పుడు 18 ఉన్నాయి, బిగ్ 12 లో 16, ఇక్కడ పేర్లలో అంకెలకి అర్థం వెతక్కూడదు. మిగిలింది మేమూ, ఓరెగాన్ స్టేట్.

ఆ శుక్రవారం నాకు బాగా గుర్తు. మా ల్యాబ్ అతను ఆ చుట్టుపక్కల గోధుమలు పండించే కుటుంబం వాడు, వాళ్ళ తాత కాలం నుంచీ సీజన్ టికెట్లు. మధ్యాహ్నం ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, ఎవరితో మాట్లాడలేదు, నాలుగింటికి కంప్యూటర్ కట్టేసి వెళ్ళిపోయాడు. నేను అప్పటిదాకా ఇదేదో ఆటల పిచ్చి అనుకున్నా. కానీ పుల్‌మన్ ఎంత ఊరండి, చుట్టూ గోధుమ గుట్టలు తప్ప ఏమీ లేదు, సియాటెల్ కి కార్ లో ఐదు గంటలు. స్టేడియం నిండితే ఊరి జనాభా అంత జనం కొత్తగా వచ్చి పడతారు. హోటళ్ళకీ, బార్లకీ ఏడాదిలో ఆ ఆరేడు శనివారాలే సంపాదన, నేను క్యాంపస్ డైనింగ్ లో పార్ట్ టైమ్ చేసేదాన్ని కాబట్టి ఆ వీకెండ్ రద్దీ ఎలా ఉంటుందో నా కాళ్ళకి తెలుసు.

తర్వాత మిగిలిన మా రెండు యూనివర్సిటీల వాళ్ళూ కోర్టు కెక్కారు. వెళ్ళిపోతాం అని చెప్పినవాళ్ళకి లీగ్ బోర్డులో ఓటెందుకు, ఉన్న డబ్బు మీద పెత్తనం మాదే అని వీళ్ళ వాదన. కేసు నడిచింది మా పక్క ఊరు కోల్‌ఫాక్స్ లో, చిన్న కౌంటీ కోర్టు. నవంబర్ 14 న వీళ్ళ వైపే తీర్పు, డిసెంబర్ లో రాష్ట్ర సుప్రీం కోర్టు కూడా జోక్యం చేసుకోనంది, చివరికి రాజీ అయింది, పోయేవాళ్ళు తలా 6.5 మిలియన్లు వదులుకున్నారు. ఆ వారం క్యాంపస్ లో సంబరం చూడాలి, పెళ్ళయినట్టే!

సంబరం అయితే అయింది కానీ మనుషులు ఆగలేదు. మా ఫుట్‌బాల్ టీమ్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) కామ్ వార్డ్ మయామీ యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు, 2025 లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ వాళ్ళు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ లో మొదటి పిక్ అతనే. మగవాళ్ళ బాస్కెట్‌బాల్ టీమ్ 2008 తర్వాత మొదటిసారి నేషనల్ టోర్నమెంట్ కి వెళ్ళింది, వెళ్ళొచ్చిన వారానికే కోచ్ ని స్టాన్‌ఫర్డ్ ఎత్తుకుపోయింది. యూనివర్సిటీ ఆటలన్నీ చూసే అథ్లెటిక్ డైరెక్టర్ అయితే మరీ, సియాటెల్ లో ఉన్న మా ఆగర్భ శత్రువు యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ కే వెళ్ళాడు, ఆ రోజు ల్యాబ్ లో వినపడిన బూతులు నా వొకాబులరీకి బాగా పనికొచ్చాయి. 2025 లో ట్రాక్ టీమ్ లో జంప్స్, త్రోస్ లాంటి ఫీల్డ్ ఈవెంట్లు మొత్తం ఎత్తేశారు. నన్నడిగితే అసలు దెబ్బ ఇదే. ఫుట్‌బాల్ వాడికి ఇంకో కాలేజీ, ఇంకో డీల్ దొరుకుతాయి, జావెలిన్ వేసే పిల్లకి ఎవరిస్తారు.

పోయినవాళ్ళు సుఖపడ్డారా అంటే పూర్తిగా లేదు. కొత్త లీగ్ టీవీ డబ్బులో ఓరెగాన్, వాషింగ్టన్ లకి మొదట్లో సగం వాటానే, స్టాన్‌ఫర్డ్, బర్కిలీ లకి 30 శాతం. ఇక తిరుగుడు చూడండి, లాస్ ఏంజిలిస్ నుంచి న్యూజెర్సీ దాకా వాలీబాల్ ఆడటానికి వెళ్ళాలి, మధ్యలో మూడు గంటల టైమ్ తేడా. నేను టీఏ (టీచింగ్ అసిస్టెంట్) చేసిన సెమిస్టర్ లోనే, పాత దగ్గరి లీగ్ లోనే, ప్లేయర్లు ప్రయాణం లెటర్లు తెచ్చి మిడ్ ఎగ్జామ్ ఎయిర్‌పోర్ట్ లో రాస్తామనేవాళ్ళు, ఇప్పుడు అక్కడి టీఏల పరిస్థితి ఏంటో. ఫుట్‌బాల్ ఒక్కదాన్ని వేరే లీగ్ లో పెట్టుకుని మిగతా ఆటల్ని ఇంటి దగ్గరే ఉంచొచ్చు కదా అని నా వాదన, మా ల్యాబ్ అతను కూడా ఒప్పుకున్నాడు, కానీ వాళ్ళు మమ్మల్ని అడగలేదు.

2024 సెప్టెంబర్ 14 న సియాటెల్ లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ శత్రువుతోనే మ్యాచ్, యాపిల్ కప్ అంటారు. టికెట్ కొని వెళ్ళా. చివరి నిమిషాల్లో వాళ్ళు గోల్ గీత దగ్గరిదాకా వచ్చేశారు, మా వాళ్ళు ఆఖరిదైన నాలుగో ప్రయత్నంలో ఆపేశారు, 24-19. గొంతు పోయింది. ఫుట్‌బాల్ రూల్స్ నాకిప్పటికీ సగమే తెలుసు.

మీ అబ్బాయి వచ్చేసరికి లీగ్ కూడా మళ్ళీ నిలబడుతోంది, 2026 జూలై 1 నుంచి బోయిసీ స్టేట్, శాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్ చేరుతున్నాయి, ఫుట్‌బాల్ లేకుండా గొంజాగా కూడా. పాత వైభవం రాదు, కానీ మ్యాచ్ లు ఉంటాయి.

మీరు చూడాల్సింది డిపార్ట్‌మెంట్, టీఏ, ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పని దొరికే అవకాశం, చలికి మంచి జాకెట్. ఇంకొకటి, దింపడానికి మీరు కూడా వస్తే ముందు మ్యాచ్ ల షెడ్యూల్ చూసి విమానం టికెట్లు కొనండి, హోమ్ గేమ్ ఉన్న వీకెండ్ కి పుల్‌మన్ లో రూమ్ దొరకదు, మా అమ్మావాళ్ళు వచ్చినప్పుడు 75 మైళ్ళ దూరం స్పోకేన్ లో ఉండాల్సొచ్చింది.